వంటలక్క మిజాజ్ ఏమిటి?

మొన్న బక్రీద్‌కి మా అమ్మాయి గుంటూరు హాస్టల్ నుంచి మాచర్ల వచ్చింది. ఇంజనీరింగ్ మూడో ఏడాది. కాలేజీలో ఉద్యోగ ఇంటర్వ్యూల తర్ఫీదు మొదలైందట. అందులో భాగంగా పిల్లలందరి చేతా ఓ పరీక్ష రాయించారట. మార్కులుండవు, పాస్ ఫెయిల్ ఉండదు. వంద లోపు సవాళ్లకి జవాబులు చెప్తే, చివర్లో నువ్వు ఫలానా రకం మనిషివని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఇస్తుంది.

ఖుర్బానీ పనులు అయిపోయాయి. హిస్సాలు పంచడం అయిపోయింది. మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ ఎత్తేశాక అందరం నాపరాళ్ల గచ్చు మీద తలా ఓ పక్క ఒరిగాం. పల్నాడు ఎండల్లో ఏసీ కంటే ఆ రాయే నయం. అప్పుడు మా అమ్మాయి ఫోన్ పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ జరుగుతూ పరీక్ష పెట్టడం మొదలెట్టింది.

నాకు ఐఎన్‌టీజే వచ్చింది. అంటే ముందుచూపుతో ప్లాన్లు వేసే రకం అట. కరెంటు బిల్లు ఆఖరి తేదీ ఏనాడూ గుర్తుండని మనిషి ప్లాన్లు వేయడమేమిటని మా బీవీ నవ్వింది. తనకి ఈఎస్‌ఎఫ్‌జే వచ్చింది, అందర్నీ కలుపుకుపోయే రకం. అది నిజమేనని ఒప్పుకున్నాం, ఒప్పుకోకపోతే సాయంత్రం చాయ్ రాదు.

మా అమ్మీ ఇదంతా తస్‌బీహ్ తిప్పుకుంటూ వింటోంది. నీకూ చెయ్యనా దాదీ అంటే, "నాదెందుకు బేటా, నా టైము అయిపోయింది. వంటలక్కది చూడు" అంది.

మా ఇంటి వంటలక్క

వంటలక్క ఎవరో ఈ బ్లాగు చదివే ఇళ్లల్లో చెప్పక్కర్లేదు. అయినా దూరదేశాల్లో ఉన్న పిల్లల కోసం రెండు ముక్కలు. 2017 అక్టోబరులో స్టార్ మా చానెల్లో 'కార్తీకదీపం' సీరియల్ మొదలైంది. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు'కి ఇది తెలుగు రూపం. దీప అనే నల్లటి అమ్మాయి. డాక్టర్ కార్తీక్ ఆమె రంగు చూడకుండా పెళ్లి చేసుకుంటాడు. అతన్ని కోరుకున్న ఇంకో డాక్టరు మోనిత, అతనికి పిల్లలు పుట్టే అవకాశమే లేదని నమ్మిస్తుంది. ఆ తర్వాత దీప గర్భవతి అయ్యేసరికి భర్త అనుమానిస్తాడు. దీప ఆ గడప దాటి, ఓ బస్తీలో వంటలు చేసి కూతుర్ని పెంచుతుంది. అలా వంటలక్క అయ్యింది. దీప వేషం వేసిన ప్రేమి విశ్వనాథ్ అసలు పేరు మాచర్లలో ఎంతమందికి తెలుసో గానీ, వంటలక్క అంటే తెలియని గల్లీ లేదు.

ఆ సీరియల్ 2023 జనవరి దాకా నడిచింది, 1500 ఎపిసోడ్లు దాటింది. మా ఇంట్లో దానికో వఖ్త్ ఉండేది. మగ్రిబ్ అయ్యాక, ఇషాకి ముందు, ఏడున్నరకి. అమ్మీ జానమాజ్ మడిచి పెట్టి టీవీ ముందు కూర్చునేది. పక్కన ఆపా, మా అక్క, ఒళ్లో ఎవరిదో బ్లౌజు పెట్టుకుని హెమ్మింగ్ చేస్తూ చూసేది. అమ్మీ చదివింది ఉర్దూ. తెలుగు ఆమెకి బజారు భాషే. 'ఆత్మాభిమానం' అనే మాట ఆమె ఈ సీరియల్లోనే నేర్చుకుంది. దక్కనీలో మాట్లాడుతూ మధ్యలో "ఉస్‌కా ఆత్మాభిమానం దేఖో" అనేది. ఖుద్దారీ అనే మంచి మాట మనకుండగా అదెందుకమ్మీ అంటే, "వంటలక్కది ఖుద్దారీ కాదు, ఆత్మాభిమానమే" అని వాదించేది.

సరే, వంటలక్క తరఫున జవాబులు చెప్పడానికి అందరూ తయారయ్యారు.

నాలుగు అక్షరాలు

ఈ పరీక్షలో నాలుగు జతలుంటాయి. మొదటిది, మనిషికి బలం పదిమందిలో ఉంటే వస్తుందా, తనలో తాను ఉంటే వస్తుందా. రెండోది, కళ్లెదుట ఉన్నదాన్ని పట్టుకుంటారా, వెనక ఉన్న అర్థాన్ని వెతుకుతారా. మూడోది, ఫైసలా చేసేటప్పుడు అఖల్ ముందా, దిల్ ముందా. నాలుగోది, పద్ధతి ప్రకారం నడుస్తారా, వచ్చిందాన్ని బట్టి సర్దుకుంటారా. ఒక్కో జత నుంచి ఒక్కో అక్షరం. మొత్తం పదహారు రకాలు.

మొదటి జత దగ్గర అమ్మీ ఠక్కున చెప్పింది. "ఖామోష్ రహతీ. నోట్లో నాలుక లేని పిల్ల. ఐ రాసుకో." రెండోదానికి మా బీవీ, "పని మనిషి కదా, చేతిలో పని, పొయ్యి మీద కూర. ఎస్." మూడోదానికి అందరూ ఒక్కసారే దిల్ అన్నారు. ఎఫ్. నాలుగోది, పొద్దున లేస్తే రాత్రి దాకా ఒక పద్ధతి. జే. ఐఎస్‌ఎఫ్‌జే. దాని కింద రాసి ఉంది, డిఫెండర్ అట. తనవాళ్లని కాపాడేవాళ్లు, సేవలో ఉండేవాళ్లు, తమ బాధ బయటపెట్టనివాళ్లు.

"అరే, యే తో హమారీ ఆపా!" అంది అమ్మీ. అచ్చం మన అమ్మాయే, సబ్ర్‌వాలీ అని.

అందరూ తలూపారు. నేనూ ఊపాను. ఆపా ఏమీ అనలేదు, సూదిలో దారం ఎక్కిస్తోంది. మా అమ్మాయికి హుషారొచ్చి, "ఫుప్పూ, నీది కూడా చేసేద్దాం, నిజంగా అదే వస్తుందేమో చూద్దాం" అని పక్కన కూర్చుంది. మొదటి సవాలు చదివింది. పదిమందిలో ఉంటే నీకు హుషారొస్తుందా, అలసట వస్తుందా?

ఆపా దారం ముడి వేసి తలెత్తింది.

"కౌన్సీ మై? షాదీకే పైలేకీ, బాద్‌కీ?"

ఏ నేను? పెళ్లికి ముందు నేనా, తర్వాత నేనా?

మా అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. ఆ సవాలుకి ఫోన్లో జవాబు లేదు. అడిగిన తీరులో వ్యంగ్యం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది, ఏది రాయాలో చెప్తే అది చెప్తానని. కాసేపటికి బయట ఎవరో హిస్సా తెచ్చి సలాం చేస్తే అందరూ లేచారు. పరీక్ష అక్కడే ఆగిపోయింది.

నాకు మాత్రం ఆ రోజు నుంచి ఆ మాట ఆగలేదు.

దామాద్‌ను చూసి పుట్టిన ఇల్మ్

పత్రికల్లో పనిచేసే అలవాటు కొద్దీ ఈ పరీక్ష ఎక్కడిదో వెతికాను. దీని మొదలు మన సీరియల్‌లా ఉంది. అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్ అనే ఆవిడ ఉండేది. ఆమె కూతురు ఇసబెల్. కూతురు 1917 ప్రాంతంలో తను పెళ్లాడబోయే అబ్బాయి క్లారెన్స్ మయర్స్‌ని ఇంటికి తెస్తే, ఆ అబ్బాయి తబియత్ తమ ఇంటి తబియత్‌కి ఏ మాత్రం కలవకపోవడం చూసి అత్తగారికి ఆశ్చర్యం వేసింది. మనుషులు ఎన్ని రకాలు అని రాసుకోవడం మొదలెట్టింది. 1921లో స్విట్జర్లాండ్‌కి చెందిన కార్ల్ యుంగ్ మనుషుల రకాల మీద జర్మన్‌లో ఓ పుస్తకం తెచ్చాడు. రెండేళ్లకి అది ఇంగ్లీషులోకి వచ్చింది. ఆవిడ తన రాతలు పక్కన పెట్టి ఆయన్ని పట్టుకుంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కూతురు ఇసబెల్ దాన్ని సవాళ్ల రూపంలో పరీక్షగా మార్చింది. మయర్స్ బ్రిగ్స్ అన్న పేరు అలా వచ్చింది. తల్లీకూతుళ్లిద్దరిలో ఎవరూ సైకాలజీలో డిగ్రీ చేసినవాళ్లు కాదు. ఆడవాళ్లు కొత్తగా ఉద్యోగాల్లోకి వస్తున్న జమానా అది. ఎవరికి ఏ పని నప్పుతుందో చెప్పగలిగితే మేలని ఇసబెల్ అనుకుంది. నీయత్ మంచిదే.

ఈ పరీక్షను గట్టిగా నమ్మేవాళ్లు ఒక మాట అంటారు. రకం పుట్టుకతో వస్తుంది, జీవితాంతం అదే ఉంటుంది అని. సైకాలజీ చదివినవాళ్లలో చాలామంది ఒప్పుకోరు. ఇదే పరీక్ష కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారిపోతుందని వాళ్ల ఎతరాజ్. మనుషులు ఇటో అటో పూర్తిగా ఉండరు, ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. మధ్యలో ఉన్నవాణ్ణి గీత గీసి ఒక పక్కకి తోస్తే అది లెక్క కాదు.

ఇంకో తమాషా ఉంది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే ప్రొఫెసర్ తన విద్యార్థులకి ఓ పరీక్ష పెట్టి, ఎవరి స్వభావం వాళ్లకి రాసిచ్చాడు. ఇది మీకు ఎంత సరిపోయింది, అయిదుకి మార్కులు వేయండి అన్నాడు. సగటున నాలుగు దాటి వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. జ్యోతిషం పుస్తకంలోంచి వాక్యాలు ఏరి రాశాడు. మీకు మీ మీద అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది అన్నట్టుగా ఉండే వాక్యాలు. ఎవరికి రాదు?

ఇదంతా ఫోన్లో మా అమ్మాయికి చెప్పాను. అది ఊరుకోలేదు. "అబ్బూ, నాకిది పనికొచ్చింది. హాస్టల్లో రాత్రి అందరూ కూర్చుని మాట్లాడుకుంటుంటే నేను గదిలోకి వెళ్లిపోతాను. నాలో ఏదో ఖరాబీ ఉందనుకునేదాన్ని. ఇలాంటివాళ్లు బోలెడుమంది ఉంటారని తెలిశాక నెమ్మది వచ్చింది" అంది. నేను కాదనలేకపోయాను. తనకి తాను పెట్టుకున్న పేరు మనిషికి ఊపిరి ఇవ్వగలదు. పక్కవాళ్లు పెట్టిన పేరు సంగతే వేరు.

మన దగ్గరా ఉంది ఈ హిసాబ్

మనిషిని నాలుగు గళ్లలో పెట్టడం మనకి కొత్తేం కాదు. యూనానీ వైద్యంలో నాలుగు అఖ్లాత్: ఖూన్, బల్గమ్, సఫ్రా, సౌదా. శరీరంలో ఏది ఎక్కువైతే ఆ మిజాజ్. దమవీ అంటే ఉల్లాసం, బల్గమీ అంటే నెమ్మది, సఫ్రావీ అంటే చురుకూ కోపం, సౌదావీ అంటే దిగులూ ఆలోచనా. బుఖ్రాత్, జాలీనూస్ అనే గ్రీకు హకీముల నుంచి ఇబ్న్ సీనా 'అల్ ఖానూన్' దాకా వచ్చి, అక్కడి నుంచి హైదరాబాద్ తిబ్బీ దవాఖానాల దాకా నడిచిన ఇల్మ్ ఇది. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కాలేజీలో నేటికీ చదువుతున్నారు. మన ఇళ్లల్లో ఎలా ఉన్నావని అడగాలంటే ఇప్పటికీ మిజాజ్ ఎలా ఉందనే అడుగుతాం.

ఆ నాలుగు రసాల లెక్కను ఇవాళ్టి సైన్స్ ఒప్పుకోదు. ఆ బహస్ ఇక్కడ వద్దు. నన్ను ఆపింది ఇంకోటి. యూనానీలో మిజాజ్ మారుతుంది. పిల్లతనానిది ఒకటి, జవానీది ఒకటి, ముసలితనానిది ఒకటి. మారడానికి ఆరు కారణాలు చెప్పారు, అస్బాబె సిత్తా జరూరియా అంటారు. పీల్చే గాలి, తిండీ నీళ్లు, ఒంటి శ్రమా విశ్రాంతీ, మనసు కదలికా నెమ్మదీ, నిద్రా మెలకువా, ఒంట్లోంచి పోవాల్సింది పోవడం, ఉండాల్సింది ఉండడం. అంటే హకీమ్ నాడి పట్టుకున్నాక నువ్వు ఏ రకం అని చెప్పి పంపేయడు. ఏం తింటున్నావు, ఎంతసేపు పడుకుంటున్నావు, మనసులో ఏ రంజ్ ఉంది అని అడుగుతాడు.

ఆపా అడిగిందీ అదే. పెళ్లికి ముందా, తర్వాతా అని. ఆ సవాలు హకీమ్‌కి అర్థమవుతుంది. ఫోన్‌కి అర్థం కాదు.

పెళ్లికి ముందు ఆపా

ఆపా నాకంటే అయిదేళ్లు పెద్ద. మేమిద్దరం ఉర్దూ మీడియంలోనే చదివాం. నేను తర్వాత డిగ్రీకి తెలుగు తీసుకున్నాను. ఆపా పదోది దాకా. స్కూల్లో బైత్‌బాజీ పెడితే ఆపా ఉన్న జట్టుకి ఎదురుండేది కాదు. అవతలివాళ్లు షేర్ పూర్తి చేసేలోపే ఆఖరి అక్షరం పట్టుకుని లేచి నిలబడేది. నవ్వితే రెండిళ్ల అవతలికి వినపడేది. మా నానీ, "యే లడ్కీ సఫ్రావీ హై, దీనికి పెరుగు పెట్టండి, వేడి తగ్గుతుంది" అనేది. ససురాల్‌లో ఎలా వేగుతుందో ఏమో అని అమ్మీతో గొణిగేది.

ఆపాది చామనఛాయ కంటే ఒక రవ్వ తక్కువ. రిష్తాలు వచ్చినప్పుడల్లా సాంవ్లీ అన్న మాట గది బయటే ఆగేది కాదు. చివరికి కుదిరిన చోట జోడే కీ రఖం పెంచారు. రంగు ఎంత తగ్గితే రఖం అంత పెరుగుతుందని అప్పుడే తెలిసింది నాకు. 1996లో నికా. 1999లో దుల్హా భాయ్ సౌదీ వెళ్లాడు. ఒకటిన్నర ఏడాది ఉత్తరాలొచ్చాయి, డ్రాఫ్టులొచ్చాయి. తర్వాత ఏమీ రాలేదు. అక్కడే ఇంకో నికా చేసుకున్నాడని ఎవరి ద్వారానో ఖబర్ వచ్చింది. ఆపా మూడేళ్ల కూతుర్ని తీసుకుని మైకాకి వచ్చేసింది. తలాఖ్ లేదు. ఖర్చు లేదు. అటు బీవీ కాదు, ఇటు ఆజాద్ కాదు.

అబ్బా, చిచ్చాలు, ఖాందాన్ పెద్దలు అందరూ ఒకటే చెప్పారు. సబ్ర్ కరో బేటీ. ఆపా కుట్టుమిషను కొనుక్కుంది. ఈద్‌లకీ పెళ్లిళ్లకీ రాత్రి రెండు దాకా మిషను చప్పుడు వినపడేది. కూతుర్ని చదివించింది, పెళ్లి చేసింది. క్రమంగా ఇంట్లో నానీ మాట పోయింది, కొత్త మాట వచ్చింది. మా ఆపా చాలా సబ్ర్‌వాలీ. చుట్టాల్లో ఏ ఆడపిల్ల ససురాల్ నుంచి ఏడుస్తూ వచ్చినా ఆపాని చూపించి నేర్చుకోమనేవాళ్లు.

ఒకే మనిషి. ఒకే ఖాందాన్. ముందు అగ్గిపుల్ల అన్నాం, తర్వాత మంచినీళ్ల కుండ అన్నాం. రెండుసార్లూ అది ఆమె స్వభావమే అన్నాం. మధ్యలో ఏం జరిగిందో లెక్కలో రాయలేదు.

ఇప్పుడు నా సంగతి. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం అని ఒకటుంది. భర్త జాడ నాలుగేళ్లు తెలియకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా భార్య కోర్టుకెళ్లి నికా రద్దు చేయించుకోవచ్చు. ఖులా దారి కూడా ఉంది. ఆపా మైకాకి వచ్చిన నాలుగేళ్లకి నేను పత్రికలో ఆ చట్టం గురించి ఓ వ్యాసం రాశాను. ఎవరో పాఠకురాలి ఉత్తరానికి జవాబుగా. బాగుందని డెస్కులో అన్నారు. పేపరు మా ఇంటికీ వచ్చింది. ఆపాకి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. చదివిందో లేదో నేను అడగలేదు. అడిగితే తర్వాత ఏం చేయాలో నాకు తెలుసు. కోర్టు, ఖర్చు, ఖాందాన్‌లో మాట, అబ్బాతో తగువు. ఆపా సబ్ర్‌వాలీ కదా, ఆమెకి ఇవన్నీ ఇష్టముండవులే అనుకున్నాను. ఆమె మిజాజ్ నాకు ఎంత తేలిక అయ్యిందో చూడండి.

మళ్లీ వంటలక్క దగ్గరికి

ఇప్పుడా నాలుగు అక్షరాలు మళ్లీ చూద్దాం.

ఖామోష్ కాబట్టి ఐ అన్నాం. కానీ బస్తీలో, కూతురు సౌర్యతో ఉన్నప్పుడు దీప ఖామోష్ కాదు. నవ్వుతుంది, మందలిస్తుంది, పదిమంది ఆమె చుట్టూ చేరతారు. నోరు మూతపడేది భర్త ఎదుట. చెప్పినా నమ్మని మనిషి ముందు మాట ఆపేస్తే అది తబియత్ కాదు, తజ్రిబా. దిల్ ముందు కాబట్టి ఎఫ్ అన్నాం. పెద్దింటి సొమ్ము వద్దని, గరిటె పట్టుకుని బతుకుతానని నిర్ణయించుకోవడం వట్టి దిల్ పనేనా? దాని వెనక ఎంత అఖల్, ఎంత హిసాబ్ ఉండాలి! పద్ధతి ప్రకారం నడుస్తుంది కాబట్టి జే అన్నాం. టైముకి వంట అందకపోతే రేపు ఆర్డరు రాదు. అది పద్ధతి కాదు, మజ్బూరీ.

అదే సీరియల్లో అత్తగారు సౌందర్యను చూడండి. మొదట్లో కోడలి రంగు చూసి కాదన్నది ఆవిడే. తర్వాత కొడుకుని కాదని కోడలికి అండగా నిలబడిందీ ఆవిడే. ఏ నాలుగు అక్షరాలిస్తాం ఆవిడకి? మోనిత సంగతీ చూడండి. ఆమె కూడా కార్తీక్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. దాన్ని ఎవరూ సబ్ర్ అనలేదు, పిచ్చి అన్నాం. ఎదురుచూపు ఇద్దరిదీ ఒకే పొడవు. ఎవరి ఎదురుచూపు ఇంటికి ఉపయోగమో దానికి మంచి పేరు వచ్చింది.

ఆ రోజుల్లో తెలుగువాళ్లందరూ ఒక జోక్ వేసుకునేవాళ్లు. ఒక్క డీఎన్‌ఏ టెస్టు చేయిస్తే సీరియల్ అయిపోతుంది కదా అని. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే అది జోక్ కాదు. అనుమానించినవాడు స్వయంగా డాక్టరు. ఏళ్ల తరబడి అతను చిన్న టెస్టు చేయించడు. ఇమ్తెహాన్ అంతా ఆమెకే. ఆమె సబ్ర్ గొప్పదని మనం మెచ్చుకుంటున్నంతసేపూ అతన్ని టెస్టు చేయించమని ఎవరూ అడగక్కర్లేదు. మా ఇంట్లో ఆ టెస్టు చేయించాల్సినవాణ్ణి నేను. చట్టం తెలిసినవాణ్ణి, రాసినవాణ్ణి.

సబ్ర్ తక్కువ మాటని నేననడం లేదు, తౌబా. అది దీన్‌లో సగమని విని పెరిగినవాళ్లం. కానీ సబ్ర్ అంటే నోరు మూసుకోవడమని ఎవరు చెప్పారు? ఖౌలా బిన్త్ సాలబా రజియల్లాహు అన్హా కిస్సా మన పెద్దలకి తెలుసు. భర్త జిహార్ చెప్పి ఆమెను ఎటూ కాకుండా వదిలేస్తే, ఆమె ఊరుకోలేదు. నేరుగా రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గరికి వెళ్లి వాదించింది, అల్లాహ్‌కి మొరపెట్టుకుంది. ఆమె మాట విన్నట్టుగా వహీ దిగింది. ఖురాన్‌లో 58వ సూరా పేరే అల్ ముజాదిలా, వాదించిన స్త్రీ. భార్యను వేలాడదీసి వదలొద్దని సూరా నిసాలో హెచ్చరిక కూడా ఉంది. ఇవన్నీ మేం మక్తబ్‌లో విన్నవే. ఆపాకి సబ్ర్ చెప్పిన రోజు మా ఇంట్లో ఎవరికీ ఖౌలా గుర్తు రాలేదు.

పల్నాడువాళ్లకి లేబుల్ అంటే ఏమిటో వేరే చెప్పాలా? మా ప్రాంతం పేరు చెప్తే చాలు, పౌరుషం, పగ అంటారు. నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపితే ఆమెకి మాయావి అన్న పేరు మిగిలింది. బ్రహ్మనాయుడు నడిపితే నీతి. మా రిపోర్టర్లం కూడా ఆ మాటలతోనే ఎన్నో హెడ్డింగులు పెట్టాం. మన ఊరి మీద వేసిన ముద్రకి మనకి ఎంత కోపం వస్తుందో తెలుసు. ఇంట్లో మనిషి మీద మనం వేసిన ముద్ర మాత్రం తారీఫ్ అనుకుంటాం.

అడిగాను

పండగైన పది రోజులకి, ఓ రాత్రి ఆపా మిషను ముందు కూర్చుని ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆ వ్యాసం సంగతి ఎత్తాను. ఇరవై ఏళ్ల తర్వాత. చదివావా ఆపా అన్నాను.

"చదివాను. రెండుసార్లు" అంది. మిషను ఆపలేదు. "నువ్వొచ్చి చెప్తావని చూశాను."

ఎన్నాళ్లు చూసిందో చెప్పలేదు. మాఫ్ చెయ్యి అన్నాను. "అబ్ క్యా" అంది. ఇప్పుడేముందిలే అని. కాసేపాగి, నిజంగానే ఏమైనా ఉందా, ఈ వయసులో ఆ కాగితం వస్తుందా అని అడిగింది. మళ్లీ పెళ్లికి కాదట. రేషన్ కార్డు నుంచి బ్యాంకు దాకా ఎక్కడ ఏ ఫారం నింపినా భర్త అన్న గడి దగ్గర ఆ పేరు రాయాల్సి వస్తోందట. ఆ పేరు రాయడం తనకి ఇష్టం లేదంది. ఇష్టం లేదు అనే మాట ఆపా నోట నేను విని ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకోలేకపోయాను. వకీల్ సాబ్‌ని కలిశాం. కాగితాలు తయారవుతున్నాయి. అమ్మీకి చెప్పాం. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, నికానామా ట్రంకుపెట్టెలో అడుగున ఉందని చెప్పింది.

'కార్తీకదీపం' రెండో భాగం 2024 మార్చి నుంచి వస్తోంది. కథ వేరు, దీప మాత్రం మళ్లీ ఆ దీపే, మళ్లీ కష్టాలే. మొన్న మా ఇంట్లో అందరూ చూస్తున్నారు. దీప ఎవరి మాటకో తల దించుకుంది. ఆపా బ్లౌజు ఒళ్లో పడేసి, "అరే, నోరు తెరువు తల్లీ, ఇంకా ఎన్నాళ్లు!" అని టీవీని గట్టిగా కసిరింది. రెండిళ్ల అవతలికి వినపడే ఉంటుంది. అమ్మీ ఉలిక్కిపడింది. మా అమ్మాయి ఫోన్లో ఉంటే చెప్పాను. మొదటి అక్షరం మార్చాలేమో అబ్బూ అంది. అక్షరం సంగతి తర్వాత చూద్దాం అన్నాను.

మీ ఇంట్లోనూ సబ్ర్‌వాలీ అని పేరు పడ్డ మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆపాయో, ఖాలానో, భాభీయో. ఆ పేరు పెట్టింది ఎవరో, ఎప్పుడో ఒకసారి గుర్తు చేసుకోండి. తర్వాత వెళ్లి ఆమెనే అడగండి.